తుప్పు పరీక్ష

ఏ వస్తువైనా దాని పుట్టుపూర్వోత్తరాలు తేలితేగానీ పెద్దాయన కొనడు. గ్యారేజీ తలుపు ఎత్తే మోటారు కావాల్సివచ్చింది. గోడలకే చెమట పట్టే ఆ ఊళ్ళో గొలుసుతో లాగే మోటారు మేలా, బెల్టుతో లాగేది మేలా అని కొట్టువాణ్ణి కాల్చుకుతిని, రెంటి ముక్కలూ తెచ్చి స్నానాలగదిలో వేలాడదీశాడు. గొలుసు తుప్పుపట్టింది, ఆ మరక భార్య తువ్వాలుకూ అంటింది.

"చూశావా, బెల్టే!" అని మురిసిపోయాడు.

బెల్టు మోటారు బిగించాక ఇంటిల్లిపాదినీ పిలిచి బటన్ నొక్కాడు. మోటారు మూలిగిందేగానీ, తేమకు ఉబ్బిన చెక్కతలుపు కదల్లేదు. ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ నిట్టూర్చి, చేత్తో ఎత్తే రోజుల్లో తన్నే చోటే తలుపును ఒక్క తన్ను తన్నింది. అది బుద్ధిగా పైకి లేచింది.

"చెప్పానా," అన్నాడాయన మీసం దువ్వుతూ, "బెల్టుకు తిరుగులేదని!"