నాలుగింటికి, ఆరో హాల్లో

మేడమెట్ల కింద ఒక మిషను, ఒక స్టూలు పట్టే చోటులో ఆమె పద్దెనిమిదేళ్ళుగా కూర్చుని పనిచేస్తోంది. కొత్త బట్టలు కుట్టదు. కుట్టినవాటిని బాగుచేస్తుంది. ప్యాంట్ల పొడవు తగ్గిస్తుంది, బడిపిల్లల యూనిఫారాలు వదులు చేస్తుంది, అన్నిటికన్నా ఎక్కువగా సంచులకు జిప్పులు మారుస్తుంది. అందుకే వీధిలో అందరికీ ఆమె జిప్పులక్క.

రోజూ మధ్యాహ్నం మూడింటికి రేడియోలో పావుగంటసేపు క్లారినెట్ వస్తుంది. వాయించేది ఎప్పుడూ ఒకాయనే. ఆ పావుగంటా జిప్పులక్క కాలు మిషను మీద ఉండదు. ఎవరొచ్చినా నోటితో పలకదు, చేత్తోనే ఆగమంటుంది. పదకొండేళ్ళయింది ఇలా. ఆయన ఫోటో కూడా ఎన్నడూ చూడలేదు. కానీ ఆ వాయిద్యమంటే చెవి కోసుకుంటుంది.

"వందమంది వరసగా నిలబడి వాయించినా సరే, ఆయనెవరో రెండో ఊపిరికల్లా చెప్పేస్తాను," అనేది భర్తతో.

"వందమంది ఒకేసారి ఊదితే నువ్వక్కడ నిలబడగలవా ముందు?" అనేవాడాయన.

అలాంటి మనిషికి, ఊళ్ళో ఒక్కరోజే పదకొండు చోట్ల సంగీతం పెడుతున్నారనీ, ఆయన కూడా వస్తున్నాడనీ రేడియోలోనే తెలిసింది. భర్త రానన్నాడు. భర్తకి అక్క, రైల్వే టికెట్ల కౌంటర్లో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన వదిన, పిలవకుండానే తయారైంది. గేటు దగ్గర ఇద్దరి చేతులకూ పసుప్పచ్చ కాగితం పట్టీలు కట్టి, మడతల మడతల కార్యక్రమపత్రం ఒకటి ఇచ్చారు. దాన్నిండా గుండ్రాల్లో అంకెలు, చదరాల్లో అంకెలు.

జిప్పులక్క దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. టేపు పట్టుకుంటే నూలుపోగంత తేడా రానివ్వని మనిషికి ఆ కాగితం ఎక్కణ్ణుంచి మొదలవుతుందో తెలియలేదు.

"ఇలా తే," అంది వదిన. "ముప్పయ్యేళ్ళు రైళ్ళ టైములు చెప్పాను. ఈ కాగితం నాకో లెక్కా? ఇదిగో, మీ ఆయన... అంటే మా తమ్ముడు కాదులే, ఆ క్లారినెట్టాయన, నాలుగింటికి, ఆరో నంబరు హాల్లో."

ఆరో నంబరు హాలు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఒకతను కుడికి పొమ్మన్నాడు. కుడికి పోతే బస్సుల షెడ్డు వచ్చింది. అందులో పదిమంది ఇనుప డ్రమ్ములు వాయిస్తున్నారు. చెవులు గింగుర్లెత్తిపోయాయి. వదిన మాత్రం తలాడిస్తూ రెండు నిమిషాలు అక్కడే నిలబడిపోయింది. జిప్పులక్క ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. తరువాత మరొకామె, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళమంది. చివరికి లైబ్రరీ మేడమీద, తలుపు మీద ఆరు అంకె కనిపించేసరికి నాలుగూ పది దాటింది.

లోపల ఇరవైమంది కూడా లేరు. పుస్తకాల బీరువాల ముందు నలభయ్యేళ్ళ బట్టతల మనిషి ఒకడు నిలబడి క్లారినెట్ వాయిస్తున్నాడు. మైకు లేదు. జిప్పులక్క చప్పుడు కాకుండా వెనక బెంచీమీద కూర్చుంది.

ఇంత దగ్గరగా ఆ శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. చెక్క బెంచీ సన్నగా అదిరింది. ఒకచోట ఆయన స్వరాన్ని పైకి తీసుకెళ్ళి, ఇక దిగుతాడనుకున్నచోట దిగకుండా అక్కడే నిలిపాడు. జిప్పులక్కకి ఒళ్ళు జలదరించింది. ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. వదిన చూసి, పైట చెంగు అందించింది.

అయిపోయాక జిప్పులక్క తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"పదకొండేళ్ళుగా వింటున్నానండీ మిమ్మల్ని. ఇవాళ వాయించినట్టు మాత్రం మీరెప్పుడూ వాయించలేదు."

ఆయన బిత్తరపోయాడు. "పదకొండేళ్ళా? మీరు మా కింద వాటాలో ఉంటారాండీ? కిటికీ వేసుకునే వాయిస్తానండీ నేను..."

"కింద వాటా ఏమిటి? రేడియోలో!"

"అయ్యో, మీరనేది ఆయనా! ఆయన ప్రోగ్రాం ఆరింటికండీ, నాలుగో నంబరు హాల్లో. నేను కాలేజీ ల్యాబులో అటెండర్ని. నలుగురి ముందు వాయించడం నాకిదే మొదటిసారి."

జిప్పులక్క వదిన వైపు తిరిగింది. వదిన కాగితం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, గుండ్రాన్నీ చదరాన్నీ మార్చి మార్చి చూసి, "ఇలా రాస్తే ఏది టైమో, ఏది హాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది?" అని గొణిగింది.

జిప్పులక్క మళ్ళీ అతని వైపు తిరిగింది.

"మరి మీరు ఆయన కాకపోతే, నేనెందుకు ఏడ్చినట్టు?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు. నిజంగానే తెలియక అడిగింది.

"అది... నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడతను తప్పు చేసినవాడిలా. గొంతు తగ్గించి, "నిజంగానే ఏడ్చారాండీ?" అన్నాడు.

అతనూ ఆరింటి ప్రోగ్రాంకే వెళ్ళాలట. ముగ్గురూ కలిసి బయల్దేరారు. నాలుగో నంబరు పాత సినిమాహాలు. కిటకిటలాడుతోంది. ఎలాగో పక్కపక్కన మూడు కుర్చీలు దొరికాయి.

స్వెట్టరు వేసుకున్న సన్నపాటి ముసలాయన వేదిక మీదికి వచ్చాడు. మొదటి స్వరానికి ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి లాగాడు. ఆ చప్పుడు వినగానే జిప్పులక్క వెన్ను నిటారుగా అయింది. ఆయనే. పదకొండేళ్ళ ఊపిరి అది. మరి లైబ్రరీలో ఆ చప్పుడు లేదని తన చెవికి ఎందుకు తట్టలేదు?

ఆయన అద్భుతంగా వాయించాడు. అది ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎక్కడ ఏ మెలిక వస్తుందో ముందే తెలుసు, వచ్చింది. కానీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏడుపు తెచ్చుకోవాలని కూడా చూసింది. రాలేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా ఎక్కడికో వెళ్ళొచ్చినట్టు మనసులో ఏదో పీకుతోంది. పక్కకు చూస్తే ల్యాబు అటెండరు చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

బయటికి వచ్చాక అతను దండం పెట్టి, బస్సు కోసం పరుగెత్తాడు. పేరు అడగలేదన్న సంగతి అతను మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

"ఇంతకీ ఎవరు బాగా వాయించారే?" అంది వదిన.

"ఈయనే వదినా. అందులో అనుమానమేముంది."

"మరి ఆ మొహం అలా పెట్టావేం?"

"ఏమో. ఇన్నాళ్ళూ ఈయన్నే విన్నాననుకున్నాను. ఈయన్ని విన్నానో, ఆ మూడింటికి పని ఆగుతుందని ఎదురుచూశానో... ఏమో వదినా, ఏమీ అర్థం కావడంలేదు."

వదినకీ అర్థం కాలేదు. అయినా చెయ్యి పట్టుకుంది. చుట్టూ జనం పట్టీలు కట్టిన చేతులు ఊపుకుంటూ నాలుగు దిక్కులకూ పోతున్నారు. అటుగా పోతున్న ఒక వలంటీరు అమ్మాయి, "ఏడింటికి వెనకవీధి కోర్టు వరండాలో ఇంకోటుంది ఆంటీ, వెళ్తారా?" అంది.

"ఎవరు పాడతారు?" అంది జిప్పులక్క.

"తెలీదాంటీ. కాగితంలో కూడా వెయ్యలేదు."

వదిన కాగితం విప్పబోయింది. జిప్పులక్క ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసింది.

"పద వదినా, పోయి వినొద్దాం," అని ముందు నడిచింది.