ఆ కంప్యూటరుది ఏ పార్టీ?

మొన్న ఆత్మకూరులో నా పరువు ఎట్టా పోయిందో వినండి. టీ చల్లారినా పర్వాలేదు, ముందు ఇది వినండి. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతా ఉండాది నాకు! ఆ చార్టుల సాఫ్ట్‌వేర్ చేసినోడు ఒక్కసారి నాకు ఎదురుపడాల... వద్దులే, పొద్దున్నే తిట్లెందుకు.

మీకు తెలుసు కదా, నాది పశువుల దాణా అంగడి. మాదీ గొర్రెలు మేపే కుటుంబమే కాబట్టి గొర్రెలోళ్ళ సంఘానికి నన్ను కార్యదర్శిని చేసినారు. పోయిన వానల్లో రోగమొచ్చి గొర్రెలు శానా చచ్చిపోయినాయి. మందుల వ్యాన్ వారం వారం మా పల్లెలకు రావాలని అడగబోతే పశువుల ఆఫీసరు సారు ఒకటే మాటన్నాడు. "ఉదయగిరి, వరికుంటపాడు, జలదంకి, మూడు మండలాల వాళ్ళంతా ఒక్క మాట మీద వచ్చి అడగండి. తలా ఒక దారి అయితే నేను పైకి రాయను." మళ్ళా వానలు పడేలోపల వ్యాన్ రాకపోతే మిగిలిన మందలు కూడా దక్కవు. అదీ సంగతి.

నోటితో చెప్తే అయిపోయేదానికి నాకు డాష్‌బోర్డు పిచ్చి పట్టింది, చచ్చిన గొర్రెల లెక్కలన్నీ కంప్యూటర్లో బొమ్మలుగా చూపించాలని. నా ఖర్మ! ఫోన్లో ఒక వీడియో చూసినాను. "బిగినర్స్ కూడా ఈజీగా నేర్చుకోవచ్చు, జస్ట్ డ్రాగ్ అండ్ డ్రాప్" అని ఒకడు నవ్వుతా చెప్తా ఉన్నాడు. వాడి నవ్వు తగలెయ్య! అంగడి గాలికొదిలేసి ఆ ల్యాప్‌టాప్ ముందరే కూర్చున్నాను.

మొదటి చార్టులోనే ఉదయగిరి గీత స్క్రీన్ పైకంటా పోయి తగులుకునింది. చూస్తే కోట్లకు కోట్లు. ఉదయగిరిలో ఇన్ని కోట్ల గొర్రెలు పోయినాయా అని నోరు తెరుచుకుని ఉంటే, మా ఆవిడ సుజాత తొంగి చూసి, "ఏందయ్యా, ఫోన్ నంబర్లన్నీ కూడినావా?" అనింది.

నిజమే! గొర్రెల కాలమ్ అనుకుని కాపరుల ఫోన్ నంబర్ల కాలమ్ లాగి పడేసినాను. సరే, తప్పు నాదే. కానీ ఫోన్ నంబర్లు ఎవడన్నా కూడతాడా అని ఆ దరిద్రం ఒక్క మాట అడగబళ్ళా?

"సారుకు నోటితో చెప్పరాదా?" అనింది సుజాత.

"నీకు తెలీదులే, విజువల్ ఇంపాక్ట్ ఉండాల." ఆ మాట కూడా వీడియోలోదే.

తంటాలు పడి మండలానికొక ముక్క లెక్కన గుండ్రంగా 'పై చార్ట్' అనేది ఒకటి చేసినాను. రంగులు అదే వేసుకునింది. ఎంత బాగుందో అని నేనే మురిసిపోయినాను.

మీటింగు ఆత్మకూరు కల్యాణ మండపం భోజనాల హాల్లో. పెళ్ళి వీడియోలు తీసే ఆయన ప్రొజెక్టరు బాడుగకు తెచ్చినాను. ముందు వరసలో ఆఫీసరు సారు. ఒక పక్క ఉదయగిరి పెంచలయ్య మామ, ఇంకో పక్క వరికుంటపాడు మస్తానయ్య అన్న. మామదేమో పసుపు పార్టీ, అన్నదేమో నీలం పార్టీ. ఎలక్షన్లు అయిన కాణ్నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వీళ్ళిద్దర్నీ ఒక హాల్లోకి తెచ్చేటప్పటికే నా తాతలు దిగొచ్చినారు.

చార్ట్ వేసినాను. పైన పెద్దక్షరాలతో 'గొర్రెల నష్టం'. కింద ఉదయగిరి ముక్క నీలంగా, వరికుంటపాడు ముక్క పసుపుపచ్చగా వెలిగిపోతా ఉండాయి. నాకు చప్పట్లు కొడతారనుకున్నాను.

పెంచలయ్య మామ కండవా దులుపుకుని లేచినాడు. "ఏందిరా అబ్బయ్యా ఇది? ఉదయగిరిని తీసకపొయ్యి వాళ్ళలో కలిపేసినావా?"

"అది కాదు, ముందు నాకు చెప్పు," అని మస్తానయ్య అన్న కూడా లేచినాడు. "వరికుంటపాడు మొత్తం వాళ్ళదని నీకు ఎవుడు చెప్పినాడు?"

"అన్నా, నేను వేయలేదన్నా! ఆటోమేటిక్! కంప్యూటరే వేసుకునింది!"

"ఆ కంప్యూటరుది ఏ పార్టీరా?"

జలదంకి వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? "మాకు ఎరుపెందుకు పెట్టినావు? ఆ జెండా దించి ఎంత కాలమైంది!"

గబగబా రంగులు మార్చడం మొదలుపెట్టినాను. కాషాయం పెడితే వెనకనించి ఒకాయన కేకలు. ఆకుపచ్చ పెడితే ఇంకొకాయన. గులాబీ పెడితే, "పక్క రాష్ట్రపోళ్ళని ఎందుకు లాగతావురా మధ్యలోకి?" అన్నారు. దేవుడా, ఈ దేశంలో ఖాళీగా ఉండే రంగు ఒక్కటన్నా మిగిల్చినారా వీళ్ళు? విసుగొచ్చి అన్నిటికీ బూడిద రంగు కొట్టినాను. ఏ ముక్క ఏ మండలానిదో నాకే తెలీలేదు.

నాకు తిక్క రేగింది. "అయ్యా! గొర్రెలు చస్తా ఉంటే మీకు రంగులు కావాల్సొచ్చినాయా? నాకు ఏ పార్టీ లేదు!" అని అరిచినాను.

"ముందు నీ చొక్కా చూసుకోరా," అన్నాడు పెంచలయ్య మామ.

చూసుకున్నాను. నీలం చొక్కా! మా అత్త పెట్టింది, కొత్తది కదా అని ఆ రోజే వేసుకున్నాను. హాలంతా గొల్లుమనింది. కోపమాపుకోలేక ప్రొజెక్టరు వైరు పీకి పారేసినాను.

అప్పుడు ఆఫీసరు సారు నింపాదిగా అడిగినాడు. "ఇంతకీ మీరంతా ఏం కావాలని వచ్చినారయ్యా?"

"మందుల వ్యాన్ సార్!" మామా, అన్నా ఒక్కసారే అన్నారు.

"అందరిదీ అదే మాటా?"

"అదే మాట సార్," అని మస్తానయ్య అన్న పెంచలయ్య మామ వైపు చూసినాడు. ఎలక్షన్ల తర్వాత అదే మొదలు చూడటం. "ఇంకొకటి కూడా ఉండాది. చెప్పు మామా."

"వీడి చేతిలోంచి ఆ కంప్యూటరు పీకేయించండి సార్," అన్నాడు మామ. మూడు మండలాల వాళ్ళూ చప్పట్లు కొట్టినారు. నేను చార్టుకు కొడతారనుకున్న చప్పట్లు!

సారు పైకి రాసినాడు. వచ్చే వారం నుంచి వ్యాన్ వస్తాది. మూడు మండలాలని ఒక్క తాటి మీదికి తెచ్చింది ఎవురయ్యా అంటే నేనే, కాకపోతే తిట్లు తిని తెచ్చినాను.

ఇందాకే పెంచలయ్య మామ ఫోన్ చేసినాడు. "అబ్బయ్యా, వ్యాన్ ఏ రంగులో వస్తాది?"

"తెల్లది మామా."

"అట్నే ఉండనీ. నువ్వు మాత్రం దాని దగ్గరికి పోబాక."