హెల్మెట్‌కి కుట్టిన బొంత

మా నాన్న ఏ దిండునైనా ఒక్కసారి దాని మీద తల పెట్టి చూశాకే అమ్ముతాడు. ప్రత్తిపాడులో మా పరుపుల కొట్టుకి వచ్చేవాళ్లకి ఇది కొత్త కాదు. కుట్టడం అయిపోగానే, కొనేవాళ్లు ఎదురుగా నిలబడి తొందరపెడుతున్నా సరే, తలకి ఉతికిన తువ్వాలు చుట్టుకుంటాడు. దిండుని బల్ల మీద వేసి ముందు కుడిచెంప, తర్వాత ఎడమచెంప ఆనించి కళ్లు మూసుకుంటాడు. "చేత్తో నొక్కితే ఏం తెలుస్తుంది? పడుకునేది చెయ్యి కాదుగా" అంటాడు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకిన మా తాత కూడా అంతేనట. చిన్నప్పుడు నా స్నేహితురాళ్ల ముందు నాన్న అలా పడుకుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు అలా అనుకున్నందుకే సిగ్గేస్తుంది.

నేను గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా మా కాలేజీ ఆటల సారు ఎక్కడి నుంచో పాత హెల్మెట్లు ఒక బస్తాడు తెప్పించారు. అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పిస్తానన్నారు. అమ్మాయిలకి కూడా జట్టు ఉంటుందన్నారు. పేరుకి ఫుట్‌బాలే కానీ బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి, ఎదుటివాళ్లు మీదపడి పడగొట్టాలి. పుట్టిన దగ్గర్నుంచి "నెమ్మదిగా నడువవే, నేల అదిరిపోతోంది" అని తిట్లు తింటూ పెరిగినదాన్ని నేను. ఒకాయన విజిల్ ఊది మరీ "పరుగెత్తుకెళ్లి పడగొట్టు" అంటుంటే నాకు పట్టిన అదృష్టం ఇంతా అంతా కాదనిపించింది. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ఖర్చు పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఒక సాయంత్రం ప్రాక్టీసులో నా హెల్మెటూ ఇంకో అమ్మాయి హెల్మెటూ ఎదురెదురుగా కొట్టుకున్నాయి. కళ్ల ముందు తెల్లగా మెరిసింది. సారు పరుగెత్తుకొచ్చి "ఎలా ఉందమ్మా?" అంటే, "నాకేం సార్, బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నాను. మూడు వారాల్లో విజయవాడ జట్టుతో ఆట ఉంది. తల తిరుగుతోందంటే బయట కూర్చోబెడతారు. ఆ తర్వాత క్లాసులో ట్యూబ్‌లైటు కళ్లలో గుచ్చుకునేది. చదివిన వాక్యమే మళ్లీ చదివేదాన్ని. మెస్సులో పళ్లేలు మోగుతుంటే చెవులు మూసుకోవాలనిపించేది. ఎవరికీ చెప్పలేదు.

శనివారం ఇంటికెళ్లినప్పుడు నాన్నకి సగమే చెప్పాను. తల తగిలింది, తగ్గిపోయింది అన్నాను. మానెయ్యమంటాడేమోనని గొడవకి సిద్ధమయ్యే ఉన్నాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు.

"ఆ టోపీ ఏదీ, ఇట్టా తే" అన్నాడు.

బ్యాగులోంచి హెల్మెట్ తీసిస్తే వేలితో కొట్టి చూశాడు. లోపలి మెత్తలు నొక్కి చూసి పెదవి విరిచాడు. అమెరికాలో ఆటగాళ్లు ప్రాక్టీసులో హెల్మెట్ పైన కూడా ఒక మెత్తటి కవరు తొడుక్కుంటారని చెప్పి, ఫోన్‌లో వీడియో చూపించాను. నాన్న ముఖం వెలిగిపోయింది.

"ఓస్, ఇది బొంతేగా! దీనికి అమెరికా దాకా పోవాలా? మన దూది ఏం పాపం చేసింది?"

న్యూస్‌పేపర్‌ని హెల్మెట్ మీద పరిచి కొలతలు కత్తిరించుకున్నాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ అడిగాడు.

"ఒక పూట ఆటలో ఇట్టాంటి దెబ్బలు ఎన్ని తగులుతాయమ్మా?"

"ముప్ఫై దాకా తగులుతాయి నాన్నా" అన్నాను గొప్పగా.

"ముప్ఫయ్యా?" అన్నాడు. కొలతకి నా హెల్మెట్ కొట్లోనే ఉంచమన్నాడు.

మళ్లీ శనివారానికి కవరు తయారైంది. ముందు బూరుగు దూది పెట్టాడట, అది మరీ మెత్తగా అణిగిపోతోందని విప్పేశాడు. పత్తిని గట్టిగా కూరి, ఉండలు కట్టకుండా అడుగడుక్కీ దబ్బనంతో కుట్లు వేశాడు. పైన పరుపుల చారల గుడ్డ అమ్మ మిషను మీద కుట్టింది. మెడ దగ్గర బిగించుకోవడానికి నాడా. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే నా తల మంచి గుమ్మడికాయంత ఉంది. అయినా నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

"పరీక్ష చేశాన్లే, భయం లేదు" అన్నాడు. చెంప ఆనించి చూసుంటాడనుకున్నాను.

కానీ ఆ పొద్దున నాన్న తీరే వేరుగా ఉంది. చూడకుండానే సూదిలోకి దారం ఎక్కించే మనిషి, నాలుగుసార్లు గురి తప్పి నా చేతికిచ్చాడు. ఎండ కళ్లలో పడుతోందని షట్టరు సగం దింపమన్నాడు. ఆ కొట్లో ఏనాడూ పడని కొత్త ఎండేం కాదది. దూది ఏకే మిషను మోతలోనే హాయిగా కునుకు తీసే మనిషి, దాన్ని కట్టేసి కణతలు పట్టుకున్నాడు. "హాస్టల్లో కూడు బాగుంటుందా?" అని అడిగాడు. చెప్పాను. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు.

ఇవన్నీ నాకు బాగా తెలిసినవే. వారం పొడుగునా నేను ఒంట్లో దాచుకుని తిరిగినవే.

ఎదురుగా టీ కొట్టు నడిపే పిన్ని గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి, గొంతు తగ్గించడం చేతకాక, గట్టిగానే అడిగింది.

"ఏమ్మాయ్, ఇంట్లో ఏమన్నా గొడవలా? నిన్న మీ నాన్న నెత్తిన ఆ బొంత టోపీ పెట్టుకుని, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఆ సిమెంటు స్తంభాన్ని గుద్దుతుండె. ఒకటి, రెండు అని లెక్క కూడానూ. ముప్ఫై దాకా లెక్కబెట్టి గానీ ఆపలా."

నేను నాన్న వైపు చూశాను. ఆయన దూది వైపు చూశాడు.

ఆ తర్వాత నేను వేసిన కేకలకి రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. "నీకసలు బుద్ధుందా నాన్నా! ఈ వయసులో స్తంభాన్ని గుద్దుకుంటావా? ఎవరైనా చేసే పనేనా ఇది?" అంటూ ఏడుస్తూ తిట్టాను.

"ముక్కూమొహం తెలీని వాళ్లకి దిండు ఇవ్వాలన్నా తల పెట్టి చూస్తానే. నీ తలకి పెట్టేది చూడకుండా ఎట్టా ఇస్తానమ్మా?" అన్నాడు తప్పు చేసినవాడిలా.

కొట్టు మూయించి, అమ్మని వెంటబెట్టుకుని, గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్కానింగులో ఏమీ లేదన్నారు. మేము ఊపిరి పీల్చుకునేలోపే డాక్టరమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. వెలుతురు ఇబ్బందిగా ఉందా? అబ్బే లేదండీ, అన్నాడు నాన్న. శబ్దాలు? లేదండీ. చదివింది బుర్రకెక్కడం లేదా? మనకి చదువెక్కడిదిలెండి, అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. "అబద్ధం మేడం. ట్యూబ్‌లైటు చూస్తే కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. పళ్లెం మోగినా తల పగిలిపోతుంది. తల వంచి లేస్తే నేల పక్కకి జరుగుతుంది. అన్నం వాసనకి కడుపులో తిప్పుతుంది. ఇవన్నీ ఉన్నాయి, చెప్పడం లేదు అంతే."

డాక్టరమ్మ రాయడం ఆపి నన్నే చూసింది.

"ఆయనకి లోపల ఎలా ఉందో నీకింత వివరంగా ఎలా తెలుసమ్మా?"

నాన్న మెల్లగా నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో ఆ క్షణం నిండిన భయాన్ని నేను ఇంతవరకూ ఎవరి కళ్లలోనూ చూడలేదు. "తగ్గిపోయిందన్నావుగదమ్మా" అన్నాడు.

ఆవిడ ఇద్దరికీ చీటీలు రాసింది. బయట ఎంత మెత్త పెట్టినా దెబ్బ జోరు కొంత తగ్గుతుందే తప్ప, తల ఒక్కసారిగా కుదిపితే లోపల మెదడు కదలక మానదని చెప్పింది. మెత్త ఉంది కదా అని తలతో గుద్దడం అన్నిటికన్నా ప్రమాదమంది. తేడాగా ఉంటే ఆ నిమిషమే చెప్పి బయటికి రావాలి, పూర్తిగా తగ్గి తను సరేననే దాకా ఆట వద్దు అంది. నాన్న బుద్ధిగా తలూపబోయి, నొప్పికి మధ్యలోనే ఆపేశాడు.

విజయవాడ ఆట పోయింది. తగ్గాక డాక్టరమ్మ సరేనంటేనే మళ్లీ ఆడాను. నాన్న కవరు ప్రాక్టీసులో పెట్టుకునేదాన్ని, కానీ తల ముందుకి పెట్టి గుద్దడం మానేశాను. తర్వాత ఒకసారి తల దిమ్మనిపిస్తే చెయ్యెత్తి నా అంతట నేనే బయటికొచ్చి కూర్చున్నాను. ఎవరినైనా పడగొట్టడం కన్నా ఆ చెయ్యెత్తడమే నాకు ఎక్కువ కష్టమైంది.

కానీ నాకు అన్నిటికన్నా గుర్తుండేది ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి మధ్యాహ్నం. అమ్మ వెనకగది కిటికీకి దుప్పటి కట్టి, ఫోన్లు లాక్కుని, మమ్మల్నిద్దరినీ చెరో చాప మీద పడుకోబెట్టింది. "ఒకరికి బుద్ధి లేదనుకుంటే ఇద్దరూ తోడయ్యారు నా ప్రాణానికి" అని తలుపు దగ్గరగా వేసి పోయింది. నా తల కింద నాన్న చేసిన దిండు ఉంది. దాని మీద నాకన్నా ముందు ఆయన చెంప ఆనిందని తెలుసు.

పైకప్పు చూస్తూనే చెప్పేశాను.

"నాన్నా, ఒక మాట చెప్తే తిట్టకూడదు. ఆ ముప్ఫై అబద్ధం. కోతలు కోశాను. ఎంత గట్టి ప్రాక్టీసులోనైనా అయిదు కూడా తగలవు."

నిద్రపోయాడేమోనని తిరిగి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాడు, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

"అయితే మిగతా పాతిక నీకు తగలకుండా నాకే తగిలినయ్యన్నమాట" అన్నాడు. "పోన్లే అమ్మా" అని చెయ్యి చాపి నా నుదురు తడిమాడు.