తొక్కు అడిగితే తొక్కలిచ్చిన ఎండాకాలం

మా గౌలిపురా గల్లీలో లక్ష్మీకాంతమ్మ చెప్పుల చప్పుడు విని పాలు పొంగకముందే పొయ్యి మీంచి దించేవాళ్ళు ఉండేవారు. షాలిబండ గడియారం కూడా ఆమె నడక చూసి ముల్లు సర్దుకునేదని చెప్పుకునేవాళ్ళం. మనిషి అగ్గిపుల్లలా ఉండేది. నడిస్తే మాత్రం ఎదురొచ్చే రిక్షాలు పక్కకి తప్పుకునేవి.

వాళ్ళది తెనాలి దగ్గర పల్లె. భర్త శ్రీరామమూర్తి సర్కారు ఆఫీసులో గుమాస్తా. డెబ్బై ఆరులో, చలి ఇంకా పూర్తిగా పోకముందే, బదిలీ మీద వచ్చి బాలమ్మ ఇంట్లో ముందు రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. వెనక భాగంలో బాలమ్మ కుటుంబం, ఆ వెనక బాలమ్మ బర్రెలు. గల్లీకంతా పాలు ఆ ఇంటి నుంచే. బాలమ్మ గొంతు గురించి ఒక్క మాట చెబితే చాలు: ఆమె బర్రెను అదిలిస్తే ఫలక్‌నుమాలో రైలు ఆగేది.

ఎండాకాలం రాగానే లక్ష్మీకాంతమ్మకు ఒక అవకాశం వచ్చింది. అలియాబాద్ వైపు చిన్న ఆడపిల్లల బడి ఒకటుండేది. తెలుగులో తప్పిన పిల్లలకు సెలవుల్లో పొద్దుటి పూట పాఠాలు చెప్పడానికి మనిషి కావాలన్నారు. హెడ్‌మిస్ట్రెస్ విమలాదేవి నవ్వితే ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఆ పేటలో లేరు. ఆమె లక్ష్మీకాంతమ్మతో కచ్చితంగా చెప్పింది.

"నాగా లేకుండా వచ్చారంటే జూన్‌లో ఖాళీ అయ్యే టీచరు పోస్టు మీదే. మధ్యలో ఇంటి బాధలు చెప్పారంటే మాత్రం నాకు చెవులు వినపడవు."

లక్ష్మీకాంతమ్మకు ఆ ఉద్యోగం మీద ఎంత ఆశంటే, నిద్రలో కూడా హాజరు పిలిచేదట. పెళ్ళికి ముందు చదివిన చదువు పెట్టె అడుగున చీరల మధ్య మడతపడి ఉంది మరి. చిక్కల్లా చిన్నపిల్లతోనే. బుజ్జికి అప్పుడప్పుడే అడుగులు వస్తున్నాయి. దాన్ని ఎవరు చూస్తారు?

"నేను లేనా పంతులమ్మా," అంది బాలమ్మ. "ఇన్ని బర్రెల్ని సూస్తున్న, గింత పొల్లను సూడనా? నువ్వు నిమ్మళంగ పో."

అలా బుజ్జి పొద్దుటి పూటంతా బాలమ్మ చంకలో ఉండేది. అమ్మ అనడానికి ముందే "హై హై" అని బర్రెలను అదిలించడం నేర్చుకుంది.

ఇక చుట్టాలు. ఊళ్ళో కాపురం పెట్టారని తెలియడమే ఆలస్యం, నాంపల్లిలో ఆగిన ప్రతి రైల్లోంచీ శ్రీరామమూర్తి బంధువు ఒకడు దిగేవాడు. బావమరుదులు, పెత్తల్లి కొడుకులు, ఎవరి తాలూకో ఎవరికీ తెలియని ఒక ముసలాయన. వాళ్ళకు చార్మినార్ ఎక్కించాలి, మ్యూజియం చూపించాలి, పత్తర్‌గట్టిలో ముత్యాలు బేరం చేసిపెట్టాలి. శ్రీరామమూర్తి ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కోకుండానే ఆ పని మీద పోయేవాడు. చార్మినార్ మెట్లు ఆయన చెప్పుల కొలత గుర్తుపట్టేవి. ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు చెప్పే తీరిక ఎవరికీ లేదు, వినే తీరిక ఆయనకూ లేదు.

ఆ వరసలోనే అత్తగారు శారదాంబ దిగింది. రెండు ఆవకాయ జాడీలు, ఒక మడిచీరల మూట. మంచి మనిషి. పొద్దున్నే స్నానం చేసి మడి కట్టుకుంటే మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఎవర్నీ తాకదు, కాబట్టి మనవరాల్ని చూసుకోవడం ఆమె వల్ల కాదు. వచ్చిన మర్నాడే మాగాయ పెడతానని బస్తాడు మామిడికాయలు తెప్పించి, వసారాలో కత్తిపీట ముందు కూర్చుంది. మాగాయకు కాయ చెక్కాలి కదా. పక్కన గంపలో మామిడి తొక్కలు గోల్కొండ ఎత్తున పేరుకున్నాయి.

కోడలు బడిలో ఉంది. బాలమ్మ చంకన బుజ్జితో వెనక నుంచి వచ్చింది. ఆ వారమే బాలమ్మ పెద్దకూతురు సుశీల పురిటికని వచ్చి లోపల గదిలో పడుకుని ఉంది. శారదాంబ ఇంకా ఆ పిల్లను చూడలేదు. ఆ తర్వాత జరిగిన మాటలు గోడకు ఇవతల ఉన్న మాకందరికీ స్పష్టంగా వినపడ్డాయి.

"పెద్దమ్మా, జర తొక్కు ఉంటే ఇయ్యరాదు?"

"తొక్కా? ఎందుకమ్మా?"

"మా పెద్దదానికి. పొద్దటి సంది తొక్కు కోసం పానం కొట్టుకుంటున్నది. కడుపుతోని ఉన్నది గద."

శారదాంబ వాకిట్లోకి చూసింది. వేపచెట్టు కింద బాలమ్మ పెద్ద బర్రె, పొట్ట గాబులా ఉబ్బి, తాపీగా నెమరేస్తోంది.

"అయ్యో పాపం. ఎన్నో నెల?"

"ఏడు పడ్డది."

"ముందువి?"

"ముందు రెండు ఆడియే, పెద్దమ్మా."

"ఆడవే మంచివమ్మా. మగవైతే ఎవరిక్కావాలి? అమ్మేసుకోవడమే."

బాలమ్మ మొహం మారింది. శారదాంబ దయగల తల్లి కాబట్టి అక్కడితో ఆపలేదు. గంప మొత్తం ముందుకు జరిపింది.

"ఇదిగో, అన్నీ తీసుకెళ్ళు. కాస్త తవుడు కలిపి తొట్టిలో పొయ్యి, నాకేస్తుంది. నోరులేనిది కదా, పాపం. దాని మంచీచెడ్డా మనమే చూడాలి."

బాలమ్మకు మాట పడిపోవడం మా గల్లీ పుట్టాక అదే మొదలు. బుజ్జిని వసారాలో దించి, గంపను ముట్టకుండా, వెనక్కి వెళ్ళిపోయింది. శారదాంబకు ఆశ్చర్యం వేసింది. అయినా జీవం మీద జాలి కొద్దీ తనే లేచి, ఆ తొక్కలన్నీ తీసుకెళ్ళి తొట్టిలో కుమ్మరించి, మడి చెడకుండా దూరంగా నిలబడి "తినమ్మా" అంది. బర్రె తిన్నది.

మాకు తొక్కంటే తొక్కే. జాడీలో ఎర్రగా ఉండేది, అన్నంలో కలుపుకునేది. కాబట్టి మాకు అర్థమైంది ఒకటే: తెనాలి ముసలమ్మ కడుపుతో ఉన్న ఆడబిడ్డకు తవుడు పెట్టమంది. మధ్యాహ్నానికల్లా సంగతి గల్లీ దాటింది. షాలిబండ చేరేసరికి ముసలమ్మ సుశీల మెడకు పలుపు కట్టింది. పురానాపూల్ చేరేసరికి పాలు పితకబోయింది కూడా.

లక్ష్మీకాంతమ్మ బడి నుంచి రాగానే అత్తగారు చెప్పింది. "మీ ఇల్లుగలావిడకి మర్యాద తెలీదే లక్ష్మీ. పెద్దదానికని అడిగింది. గేదెకి తొక్కలు కావాలంటే గంపెడిచ్చాను. ముట్టుకోకుండా చక్కా పోయింది."

ఏదో పనిలో ఉండి పోయిందేమో అనుకుని లక్ష్మీకాంతమ్మ పట్టించుకోలేదు. లోపల చుట్టాలు కాఫీ కోసం కాచుకుని ఉన్నారు.

మర్నాడు పొద్దున బుజ్జిని ఎత్తుకుని వెనక్కి వెళితే బాలమ్మ చేతులు చాపలేదు.

"ఇయ్యాల్టి సంది మీ బిడ్డను మీరే సూసుకోన్రి పంతులమ్మా."

"అదేమిటి బాలమ్మా? ఏమైంది?"

"మా ఇంట్ల ఉన్నయన్ని నోరులేని జీవాలే. మీ బిడ్డకు మాటలెట్లొస్తయి?"

"నాకేమీ అర్థం కావడం లేదు. బడికి వేళైంది, ఈ ఒక్క పూట..."

"మీకు అర్థం గాదు తియ్యి. మీరు సదువుకున్నోళ్ళు."

అంతే. పాలచెంబు తీసుకుని లోపలికి పోయింది. శ్రీరామమూర్తి అప్పటికే ఆఫీసుకు పోయాడు, అత్తగారు మడిలో ఉంది. లక్ష్మీకాంతమ్మ బుజ్జిని భుజాన వేసుకుని బడికి పరుగెత్తింది. ఆ రోజు గడియారాలన్నీ వెనకబడ్డాయి.

విమలాదేవి గుమ్మంలోనే నిలబడి ఉంది. బుజ్జి ఆమెను చూసి "హై హై" అంది.

"ఇది బడా, ఊయలా లక్ష్మీకాంతమ్మగారూ?"

"ఈ ఒక్క రోజే మేడమ్."

"రేపు కూడా పిల్లతో వచ్చేటట్లయితే రాకండి. పత్తర్‌గట్టి నుంచి ఒకావిడ ఎప్పటినుంచో అడుగుతోంది, ఆమెను రమ్మంటాను."

కళ్ళలో తిరిగిన నీళ్ళు మింగి లక్ష్మీకాంతమ్మ తరగతిలోకి వెళ్ళింది. బుజ్జిని బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి సుద్దముక్క ఇచ్చింది. పాఠం చెప్పే ఓపిక లేదు. ఎండాకాలంలో మీ ఇళ్ళలో ఏం చేస్తారో తలా ఒక మాట చెప్పమంది. యాదమ్మ అనే పొడుగాటి పిల్ల లేచింది.

"మా అవ్వ తొక్కు పెట్టింది టీచర్."

"తొక్కు కాదమ్మా, తొక్క. పెట్టింది కాదు, తీసింది. మా అమ్మ తొక్క తీసింది, అను."

"తియ్యలే టీచర్. పెట్టింది. జాడీల పెట్టింది."

"తొక్కలు జాడీలో ఎందుకు పెడుతుంది?"

"అన్నంల కలుపుకోనీకి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. లక్ష్మీకాంతమ్మ కూడా నవ్వబోయి, ఎవరి మీద నవ్వుతున్నారో తెలియక ఆగింది.

"తొక్కలు అన్నంలో తింటారా?"

"గట్లంటరేంది టీచర్? కారం, ఉప్పు, నూనె పోసి పెడతరు గద, మామిడికాయతోని. మీరు పెట్టుకోరా?"

"అది ఆవకాయ."

"ఆవకాయనో ఏం కాయనో నాకేమెరుక. జాడీల ఉంటే తొక్కే."

"మరి కాయ మీద నుంచి తీసేది?"

"గది పొట్టు."

లక్ష్మీకాంతమ్మకు నిన్న అత్తగారన్నదీ, పొద్దున బాలమ్మ అన్నదీ గుర్తొచ్చాయి. గేదెకి తొక్కలు కావాలంటే గంపెడిచ్చాను. మా ఇంట్ల ఉన్నయన్ని నోరులేని జీవాలే. రెండు మాటలూ పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. బాలమ్మ పెద్దకూతుర్ని "పెద్దది" అని పిలుస్తుందన్న సంగతి కూడా అప్పుడే తట్టింది.

బడి వదలగానే ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చెప్పులు గుమ్మం దగ్గర పడేసరికి ఆమె వంటింట్లో ఉంది.

"అత్తయ్యగారూ, నిన్న బాలమ్మ ఏమడిగింది?"

"తొక్కు అడిగింది. పెద్దదానికని."

"తొక్కంటే ఇక్కడ ఊరగాయండీ. పెద్దదంటే వాళ్ళ పెద్దమ్మాయి సుశీల. పురిటికి వచ్చింది."

శారదాంబ గరిటె కింద పెట్టింది. నిన్నటి మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి.

"ఆడవే మంచివన్నానే."

"ఇంకా?"

"మగవైతే అమ్మేసుకోమన్నాను."

"ఇంకేమన్నారు?"

"తొట్టిలో పొయ్యమన్నాను. నాకేస్తుందన్నాను." శారదాంబ పీట మీద కూలబడింది. "నా నోట్లో మన్ను పడ. కడుపుతో ఉన్న ఆడకూతురు నోరు తెరిచి అడిగితే."

"నేను వెళ్ళి చెప్పి వస్తానండీ. ఆమె మనసు కరక్కపోతే రేపు నా బడి లేదు."

"నువ్వెందుకు? అన్నది నేను."

ముసలావిడ పీట మీంచి లేచింది. తెనాలి నుంచి తెచ్చిన జాడీ మూత విప్పింది. చుట్టాలెవరికీ ఇంకా చూపించని జాడీ అది. పొగలు కక్కే అన్నంలో ఎర్రటి ఆవకాయ, ఇంత నెయ్యి వేసి ముద్దలు కలిపింది. గిన్నె పట్టుకుని, మడిచీరతోనే వాకిలి దాటి వెనక్కి నడిచింది. మేము గోడ దగ్గర పీటలు వేసుకున్నాం.

బాలమ్మ బర్రెను కడుగుతోంది. తలెత్తలేదు.

"బాలమ్మా, నీ కూతురేదీ?"

"ఏ కూతురు? నోరున్నదా, లేందా?"

"నోరు లేనిది నాకే తల్లీ. ఉంటే తొక్కంటే ఏమిటని అడిగేదాన్ని. మా వైపు తొక్కంటే అదిగో, దాని ముందున్నది." తొట్టిలో మిగిలిన మామిడి తొక్కలు చూపించింది. "నువ్వు పెద్దదన్నావు. నాకు కనపడిన పెద్దది ఇదే."

బాలమ్మ తొట్టి వైపు చూసింది, బర్రె వైపు చూసింది.

"ఏడో నెలంటే?"

"దీనికేననుకున్నాను."

"మొగోడైతే అమ్ముకోవాలంటిరి?"

"దున్నపోతుని."

బాలమ్మ చేతిలోని నీళ్ళచెంబు కింద పెట్టింది. తర్వాత నవ్వు మొదలైంది. ఆ నవ్వుకు చార్మినార్ మీద పావురాలు లేచి మక్కా మసీదు మీద వాలాయి. అది విని సుశీల నడుం పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమైందవ్వా? నన్ను బర్రె అనుకున్నరా?"

"గా కడుపు జూస్తే ఎవలైనా గట్లనే అనుకుంటరు తియ్యి. కూసో. పెద్దమ్మ తొక్కు తెచ్చింది."

శారదాంబ అరుగు మీద సుశీల పక్కనే కూర్చుని, తన చేత్తోనే ముద్ద అందించింది. "నోరు తెరువమ్మా." పిల్ల ఆవురావురుమని తింది. రెండో ముద్దకు కళ్ళలో నీళ్ళు. మా వైపు కారం తక్కువ కాదు గానీ, తెనాలి కారం ఆ పిల్లకు కొత్త.

ఆ తర్వాత శారదాంబ మళ్ళీ స్నానం చేసిందో లేదో మాకు తెలియదు. నూతి గిలక చప్పుడైతే వినపడలేదు, మేము చాలాసేపే విన్నాం.

మర్నాడు పొద్దున లక్ష్మీకాంతమ్మ ఇంకా జడ వేసుకుంటూండగానే బాలమ్మ గుమ్మంలో ఉంది.

"తే పంతులమ్మా, పొల్లను. ఆలస్యమైతే గా మేడమ్ మళ్ళ లొల్లి జేస్తది."

ఆ ఎండాకాలమంతా బడికి ఒక్క నాగా లేదు. చుట్టాలు వస్తూనే ఉన్నారు, బర్రె పాలు రెండు రోజులు పుల్లగా వచ్చాయని గల్లీ అంతా గొణిగింది. జూన్‌లో విమలాదేవి పోస్టు ఇచ్చింది. ఇస్తూ నవ్వినట్టే ఉందని లక్ష్మీకాంతమ్మ అంటుంది, మేము నమ్మలేదు. తరగతిలో యాదమ్మను దిద్దే ముందు "అదంటే ఏమిటమ్మా" అని అడిగే అలవాటు మాత్రం ఆమెకు అప్పటి నుంచే వచ్చింది.

శారదాంబ ఊరికి వెళ్ళే రోజున బాలమ్మ తను పెట్టిన తొక్కు ఒక జాడీ గుడ్డ కట్టి ఇచ్చింది. మడి ఇంట్లో దాన్ని ఏం చేస్తుందో అనుకున్నాం. ఆమె రిక్షాలో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఎవరి తాలూకో తెలియని ఆ ముసలాయన దానికి తన సంచి ఆనించబోతే కసిరింది. కొడుకుతో అంది కదా,

"మూర్తీ, రిక్షా కుదిపేస్తుందిరా, జాడీ పైలం. తొక్కుంది."

శ్రీరామమూర్తి జాడీ వైపు జాలిగా చూశాడు.

"తొక్కలు తెనాలిదాకా మోసుకెళ్ళడం ఎందుకమ్మా? అక్కడ దొరకవా?"