పన్నెండు నిమిషాల్లో పట్టని జపమాల

సాబా ద్వీపంలో మిస్ ఒథెల్లా లేసు అల్లడం ఎంత నెమ్మదో, జపమాల తిప్పడం అంతకన్నా నెమ్మది. ఒక్కో పూసనూ వేళ్ల మధ్య నానబెట్టి గానీ వదలదు. మాల పూర్తయ్యేసరికి ముప్పావు గంట. ఆమె పెరట్లో నిలబడితే సముద్రానికి ఆవల పక్క ద్వీపం సింట్ మార్టెన్ కొండలు కనిపిస్తాయి. మధ్యలో ఇరవై ఎనిమిది మైళ్ల నీళ్లు. ఆ నీళ్లను ఆమె ఎప్పుడూ పడవలోనే దాటింది. పడవ కదలగానే జపం మొదలు, అది ముగిశాకే నేల మీద కాలు. తనను ఇన్నేళ్లూ మునగనివ్వనిది ఆ వరుసేనని ఆమె నమ్మకం.

ఆ శనివారం అలలు పెద్దవై పడవ ఆగిపోయింది. అదే రోజు సింట్ మార్టెన్‌లో మేనకోడలు జెనెల్ బిడ్డకు జ్ఞానస్నానం. చర్చిలో బిడ్డను ఎత్తుకుని మాట ఇవ్వాల్సిన జ్ఞానతల్లి ఒథెల్లాయే. ఆమె వేళకు చేరకపోతే బిడ్డను ఎత్తుకోవడానికి ఒథెల్లా పినతల్లి కూతురు డ్రుసిల్లా ఉంది. ఆమె ఇల్లు ఆ చర్చి పక్క వీధిలోనే.

"విమానంలో పన్నెండు నిమిషాలే అత్తా," అన్నాడు టాక్సీ నడిపే మేనల్లుడు ఎల్డ్రిక్. "ఉన్నది ఒక్క సీటు. నీ పేరు చెప్పేశాను."

"పన్నెండు నిమిషాల్లో నా జపం ఎక్కడవుతుందిరా?"

"కొంచెం తొందరగా చెప్పుకో."

"వేలంపాటనుకున్నావా?"

"పోనీ, నా కారులోనే మొదలుపెట్టు."

"నీ కారుకు వేరే జపం కావాలి. ముందు చూడరా, మలుపు!"

విమానాశ్రయంలో ఆమె పైలట్ డెస్మండ్‌ను పక్కకు పిలిచింది. "కాస్త మెల్లగా పోనివ్వు బాబూ."

"నా చేతుల్లో ఏముంది మిస్ ఒథెల్లా? ఇవాళ గాలి వెనక నుంచి తోస్తోంది. ఇంకా ముందే దిగుతాం."

"జపం ముగియనివ్వదు. గాలి కూడా డ్రుసిల్లా పక్షమేనన్నమాట," అని ఆమె మెట్లెక్కింది.

రన్‌వే అయిపోగానే చక్రాల కింద సముద్రం తెరుచుకుంది. ఒథెల్లా మొదటి పూస పట్టుకుంది. రెండో పది పూసల్లో ఉండగానే కిటికీలో హోటళ్ల కప్పులు కనిపించాయి. ఆమె వేగం పెంచలేదు. విమానం ఆగింది. అందరూ దిగారు. ఆమె బెల్టుతో అలాగే కూర్చుంది.

"దిగాలి మిస్ ఒథెల్లా. ఎక్కేవాళ్లు ఎండలో నిలబడ్డారు," అన్నాడు డెస్మండ్.

ఆమె వేలెత్తి ఆగమంది.

"మీరు వెళ్లాల్సింది జ్ఞానస్నానానికని ఎల్డ్రిక్ చెప్పాడే?"

'నువ్వు రాలేదు, నేనే ఎత్తుకున్నాను' అని డ్రుసిల్లా బతికినన్నాళ్లూ చెప్పుకోవడం ఒథెల్లాకు ఇప్పుడే వినిపించింది. బెల్టు విప్పింది. పెదవులు మాత్రం ఆపలేదు.

బయట టాక్సీవాడు ఎక్కడికని అడిగాడు. మధ్యలో మాట్లాడితే జపం తెగుతుంది. ఆమె సిలువ గుర్తు వేసుకుని, చేతుల్లో లేని పసిబిడ్డను ఊపి చూపించింది.

"చర్చికా?"

తలూపింది.

ఆమె వెళ్లేసరికి బిడ్డ డ్రుసిల్లా చేతుల్లో ఉంది. ఒథెల్లా పలకరింపు కూడా లేకుండా బిడ్డను అందుకుంది.

"ఏమే, నోరు విమానంలో మరిచిపోయి వచ్చావా?" అంది డ్రుసిల్లా.

ఒథెల్లా ఇంకో పూస జరిపింది. జవాబే లేకపోవడంతో పోట్లాట ముందుకు సాగలేదు.

ఫాదర్ ఆమె వైపు తిరిగాడు. "ఈ బిడ్డ తల్లిదండ్రులకు తోడుగా నిలవడానికి సిద్ధమేనా?"

ఒథెల్లా వేలెత్తింది. జెనెల్ ముఖం పాలిపోయింది. డ్రుసిల్లా ఒక అడుగు ముందుకు వేసింది.

చివరి పూస వేళ్ల మధ్య నుంచి జారింది.

"సిద్ధమే ఫాదర్," అంది ఒథెల్లా. "ఇప్పుడే దిగాను."