పొలం దున్నొద్దని చెప్పింది నేనే

జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆ రోజు పాఠం రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఇంగ్లండు భూస్వామి గురించి. తండ్రి పోగానే ఎస్టేటూ, దాంతోపాటే పార్లమెంటు సీటూ ఆయనకు దక్కాయి. ఏళ్ల తరబడి సభలో ఉండి నోరు విప్పింది రెండు మూడుసార్లే. మిగతా కాలమంతా గుర్రాలు, వేటకుక్కలు, విందులు. ఓటు అప్పుడు రహస్యం కాదు. కౌలురైతు అందరి ముందూ నిలబడి పేరు పైకి చెప్పాలి. దొర మనిషి పక్కనే ఉండి వింటాడు. వేరే పేరు చెప్పినవాడికి మరుసటి ఏడు భూమి ఉండదు.

ఇదంతా హుషారుగా, పిల్లల్ని నవ్విస్తూ చెప్పాను. రెండో వరుసలో ఒకమ్మాయి లేచింది.

“సార్, మా తాతకు గూడ గట్లనే అయింది. రుద్రంగి దిక్కు మా ఊర్ల సర్పంచ్ ఎలక్షన్లప్పుడు అవతలోళ్ల ఊరేగింపుల నడిచిండని కౌలు భూమి గుంజుకున్నరు. గా సర్పంచ్ మీ బాపే.”

క్లాసంతా నా వైపు చూసింది.

“సిలబస్‌లో లేనిది మనకెందుకమ్మా, కూర్చో” అన్నాను. కూర్చుంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ కబురు మోసింది నేనే. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పొలం ఇక దున్నొద్దని చెప్పి రమ్మని మా నాన్న పంపాడు. మోటార్ సైకిల్ దిగకుండా, బాట మీది నుంచే చెప్పాను. ఆ అమ్మాయి తాత బురద కాళ్లతో దగ్గరికొచ్చాడు.

“నారు పోసిన పటేలా. గీ ఒక్క పంటకు ఆగుమనుండ్రి.”

“బాపు చెప్పిండు, నాకేం తెల్వది” అని బండి తిప్పేశాను. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆదివారం తంగళ్ళపల్లి వెళ్లాను. ఆ కుటుంబం ఇప్పుడు అక్కడే ఉంటోంది. కొడుకు సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేస్తాడు. నన్ను చూడగానే ముసలాయన మంచం మీంచి లేచాడు. నాకు కుర్చీ వేయించి తను నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు.

“కాకా, గా దినం పొలం కాడికి వచ్చింది నేనే” అన్నాను.

“ఎర్కనే పటేలా. మీరప్పుడు చిన్నోళ్లు. మీ బాపు చెప్పుమన్నడు, మీరు చెప్పిండ్రు. మీదేం తప్పున్నది?”

“తప్పే కాకా. బాపుతోని ఒక్క మాట అనచ్చు. అనలే.”

ఆదివారమని హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఆ అమ్మాయి టీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది. “వచ్చింది సారేనని నాకెందుకు చెప్పలే తాతా?”

“నీకు సదువు చెప్పే సారు గదా బిడ్డా” అన్నాడాయన.

అప్పుడిక తలెత్తలేకపోయాను. టీ ఎలా తాగానో, ఎలా బయటపడ్డానో తెలియదు.

మర్నాడు అదే పాఠం మళ్లీ చెప్పాను, బండి దిగకుండా కబురు చెప్పిన పిల్లవాడి సంగతితో సహా. ఆ పిల్లవాడు నేనేనని కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పటికీ రోజూ వస్తుంది, నోట్సు రాసుకుంటుంది. నన్ను మాత్రం ఏమీ అడగదు.