స్వామి ఆరామ్‌లో ఉన్నారు

ఎండకు కాగిన బండ మీద నీళ్లు పడితే ఒక వాసన వస్తుంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మధ్యాహ్నం పూట మెట్లు కడిగినప్పుడల్లా అది రెండో అంతస్తు దాకా ఎక్కి వస్తుంది. మిగతా వాళ్లకు అది మెట్లు జారతాయన్న హెచ్చరిక. నాకు మాత్రం కళ్లు మూతలు పడతాయి. ఇది జబ్బు కాదు, శిక్షణ. శాలిబండలో ఒక చిన్న వేంకటేశ్వరస్వామి గుడిలో, వరదాచార్యులు అనే అర్చకుడి దగ్గర పొందాను. కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన వాళ్లు ఇరవై మంది దాకా ఉంటారు. పడుకోవడం నేర్పింది ఆయన ఒక్కరే.

గుడి పెద్దదేమీ కాదు. ఒక పక్క సలీం భాయ్ స్కూటర్ రిపేరు షెడ్డు, ఇంకో పక్క చీరల మీద జరీ పని చేసే కార్ఖానా. దేవుడు మధ్యలో సర్దుకుని ఉండేవాడు. మా ఇల్లు వెనక గల్లీలో. రెండు గదులు, ఐదుగురు మనుషులు, ఒక టీవీ. అందరికంటే ఎక్కువ మాట్లాడేది టీవీయే. అందుకని ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో పుస్తకాలు పట్టుకుని గుడి మండపంలో చేరాను. కొడుక్కి భక్తి కుదిరిందని అమ్మ సంతోషించింది. కుదిరింది ఫ్యాన్ అని నేను చెప్పలేదు.

వరదాచార్యులు అయ్యగారికి అప్పటికే అరవై ఐదు దాటాయి. సన్నటి మనిషి. షుగరు, ఒక మోకాలి నొప్పి, ఎవరూ లేని ఇల్లు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివారు కాబట్టి దేవుడితో సంస్కృతం, మాతో దక్కనీ కలిసిన తెలుగు మాట్లాడేవారు. మంత్రం మధ్యలో ఆగి, "అరే, చెప్పులు గట్ల దూరంగ ఇడువుండ్రి" అని, మళ్లీ మంత్రంలోకి వెళ్లిపోయేవారు. అతుకు కనిపించేది కాదు. పన్నెండున్నరకు నైవేద్యం అయ్యాక బండలు కడిగించి, మండపానికి లోపలి వైపున్న కటకటాల తలుపు వేసి, దానికి ఒక పలక తగిలించేవారు. పలక మీద సుద్దతో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒకటే మాట: స్వామి ఆరామ్‌లో ఉన్నారు, ఐదింటికి రండి.

ఆ ఐదు అంటే ఐదే. ఒకసారి అయ్యగారు ఇంకా మండపంలోనే ఉండగా, ఎవరో లీడరు మనుషులు రెండింటికి వచ్చి తలుపు కొట్టారు.

"పంతులూ, అన్న వచ్చిండు. రెండు నిమిషాలు తియ్యి."

"అన్నను ఐదింటికి రమ్మను. స్వామి పండుకున్నడు."

"దేవుడు పండుకునుడేంది?"

"ఎందుకు, మీ అన్న పండుకోడా?"

అన్న కారులో నిజంగానే పడుకుని ఉన్నాడని తర్వాత సలీం భాయ్ చెప్పాడు. ఇద్దరి నిద్రా చెడకుండా కారు వెనక్కి వెళ్లిపోయింది.

ఇక నా సంగతి. ఆ ఏడాది నాకు నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయి. సప్లిమెంటరీలో కనీసం మూడు పాసవకపోతే డిటెయిన్. మా నాన్న బస్సు కండక్టరు; టికెట్ లేని వాళ్ల మీద కూడా గొంతు పెంచని మనిషి. అదే గొంతుతో అన్నాడు: "ఇంకో ఏడాది నాతోని కాదు బిడ్డా. ఈసారి పోతే చదువు బంద్. ఏదన్న షోరూంల చేరు." తిట్టినా బాగుండేది.

దాంతో నేను నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో ఒక టైంటేబుల్ తయారు చేశాను. రోజుకు పద్దెనిమిది గంటల చదువు. స్నానానికి ఆరు నిమిషాలు. ఆ టైంటేబుల్ గీయడానికి ఒక రోజు పట్టింది. అదొక్కటే నేను పూర్తి ఏకాగ్రతతో చేసిన పని. తర్వాత రెండు వారాలు అన్నం తగ్గించి చాయ్ పెంచాను. సాయంత్రం చాయ్‌కి పిలిచే దోస్తుల ఫోన్లు ఎత్తడం మానేశాను, ఎందుకంటే చాయ్ నేను ఒంటరిగానే తాగగలను. ఎడమ కన్ను దానంతట అదే కొట్టుకునేది. ఒకే పేజీని ఐదుసార్లు చదివి, ఐదుసార్లూ కొత్తగా ఉందని ఆశ్చర్యపోయేవాణ్ని.

ఒకరోజు అయ్యగారు నా టైంటేబుల్‌ను కళ్లజోడు పెట్టుకుని, పంచాంగం చూసినట్టు చూశారు.

"నిద్ర ఏడ రాసినవ్‌రా?"

"మిగిలిన టైంల అయ్యగారూ."

"మిగిలింది ఏడ ఉన్నది?"

నేను వెతికాను. నిజమే, లేదు.

"స్వామికి గూడ టైంటేబుల్ ఉన్నది" అన్నారు ఆయన. "పొద్దుగాల లేపుతం, తానం చేపిస్తం, తినవెడతం. పగటీలి ఆరామ్. మళ్ల లేపుతం, మళ్ల తినవెడతం, రాత్రికి పండవెడతం. నడుమ నడుమ లోకాన్ని చూస్కుంటడు. లోకం నడుస్తలేదా?"

"నడిచే తీరు చూస్తే, ఆయన ఇంకొంచెం తక్కువ పండుకుంటే బాగుండనిపిస్తది."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "నోరైతే మంచిగనే పనిచేస్తున్నది. పైనున్నదే ఆగిపోయింది. గాబరా పడుకుంట, ఫికర్ చేసుకుంట సదివితే ఫికరే యాదికుంటది, సదువు ఉండదు." నేను విన్నాను. విని, టైంటేబుల్‌లో ఆ మాటకు చోటు లేదు కాబట్టి వదిలేశాను.

మొదటి పరీక్ష రోజు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి గణితం. అంతకు ముందు మూడు రోజుల్లో కలిపి ఎన్ని గంటలు నిద్రపోయానో చెప్పడానికి గణితం అవసరం లేదు. పొద్దున గుళ్లోనే కూర్చుని చదివాను. నైవేద్యం అయ్యాక అయ్యగారు దద్దోజనం గిన్నె నా ముందు పెట్టి, "కడుపు నిండ తిని పో" అన్నారు. అడుగు దాకా తిన్నాను. మోకాలి నొప్పి వల్ల ఆయన కొన్నాళ్లుగా తలుపు మూసే పని నాకు అప్పజెప్పారు. ఆయన బయటికి వచ్చాక తాళం వేసి, తాళం చెవి ఆయన చేతికివ్వాలి. ఆ రోజు నేను తలుపు లాగాను, తాళం వేశాను, పలక తగిలించాను, తాళం చెవి జేబులో వేసుకుని బస్సెక్కాను. క్రమంలో ఒకటే తప్పు జరిగింది. అయ్యగారు లోపలే ఉన్నారు.

ఆ సంగతి కాలేజీ దగ్గర తెలిసింది. పరీక్ష హాలు ముందు జేబులు తడుముతున్న మేడమ్ నా జేబులోంచి జానెడు ఇనుప తాళం చెవి బయటికి తీశారు.

"ఏంటిది?"

"గుడి తాళం చెవి మేడమ్" అన్నాను. అన్నాకే తట్టింది, ఆయన బయటికి రానేలేదు. ఆయన ఫోను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. షుగరు మనిషి. గర్భగుడి వెనక ఉంటే ఎవరికీ కనిపించరు. టైం ఒకటీ నలభై. శాలిబండకు తిరిగి వెళ్లడానికే దాదాపు గంట. వెళ్తే పరీక్ష పోతుంది, మిగతా మూడూ పాసయ్యే మొహం కాదు కాబట్టి దాంతో కాలేజీ. వెళ్లకపోతే?

బయటికి పరుగెత్తి, బ్యాగులోంచి ఫోన్ తీసి సలీం భాయ్‌కి చేశాను. విషయం చెప్పేసరికి అతను ముందు నవ్వాడు, తర్వాత "రుకో, చూసొస్తా" అని పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో మళ్లీ మోగింది.

"మస్తు పండుకున్నడు భాయ్. గురక గేట్ దాక ఇనవడుతున్నది. లేపిన. తిట్టి మళ్ల పండుకున్నడు."

"ఏమన్నడు?"

"లోపల ప్రసాదం ఉన్నదట, ఫ్యాన్ ఉన్నదట. నిన్ను నిమ్మళంగ రాసి రమ్మన్నడు. ఐదు కాకముందు తాళం తీస్తే స్వామి నిద్ర ఖరాబ్ అయితదన్నడు."

నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. రెండింటికీ టైం లేదు. లోపలికి వెళ్లి ప్రశ్నపత్రం చూశాను. అక్షరాలు తెలిసినవే, వాటిని అలా కలిపి ఎప్పుడూ చూసినట్టు లేదు. ఇంతకు ముందైతే గుండె దడతో ఏదో ఒకటి రాయడం మొదలుపెట్టేవాణ్ని. కానీ అక్కడ తాళం పడ్డ ముసలాయన గురక పెట్టి పడుకుంటే, తలుపులు తెరిచి ఉన్న హాల్లో కూర్చున్న నేను ఎందుకు వణుకుతున్నానో అర్థం కాలేదు. బల్ల మీద తల పెట్టి పడుకున్నాను.

"బాబూ, ఒంట్లో బాలేదా?" అని మేడమ్ లేపేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి.

"ఆరామ్‌లో ఉన్నా మేడమ్" అన్నాను. ఆవిడ నా హాల్ టికెట్ మరోసారి పరీక్షగా చూశారు.

మళ్లీ ప్రశ్నపత్రం చూస్తే అందులో నాలుగు ప్రశ్నలు నాకు తెలిసినవి. అవి పొద్దున కూడా తెలిసినవే అయి ఉండాలి.

ఆరుంబావుకు గల్లీ మలుపు తిరిగేసరికి గుడి ముందు పదిమంది నిలబడి ఉన్నారు. సలీం భాయ్ షెడ్డు మూసేసి, గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గిరాకీ లేదేమో అనుకున్నాను. అయ్యగారు కటకటాల సందులోంచి చెయ్యి చాపి తీర్థం ఇస్తున్నారు. నన్ను చూసి అడిగారు:

"రాసినవా?"

"రాసిన."

"పండుకున్నవా?"

"ఇరవై నిమిషాలు. పరీక్షల్నే."

"షురూ అయితే చేసినవ్. ఇగ తలుపు తియ్యి."

మర్నాటి నుంచి నా టైంటేబుల్ మీద ఆయన పెత్తనం మొదలైంది. మధ్యాహ్నం గంటసేపు మండపంలో, కడిగిన బండల మీద నిద్ర. సాయంత్రం పుస్తకం ముట్టుకుంటే, "సోపతిగాళ్లు సచ్చిండ్రా ఏంది? పో, గల్లీ తిరిగి రా" అని తరిమేవారు. దోస్తులు వారం పాటు నన్ను "స్వామీ" అని పిలిచి, తర్వాత క్షమించారు. మిగతా మూడు పరీక్షల మధ్యలో మేం గౌలిపుర దాకా నడిచి లస్సీ తాగిన సాయంత్రాలే నాకు ఆ చదువు మొత్తంలో బాగా గుర్తున్నాయి. మూడు పాసయ్యాను. నాలుగోది తర్వాతి సారి. నాన్న మార్కుల కాగితాన్ని రెండు వైపులా చూసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

అయ్యగారు పోయి మూడేళ్లవుతోంది. పదోరోజు భోజనాల దగ్గర సలీం భాయ్ నా పక్కన నిలబడ్డాడు. ఏదో మాట్లాడాలని నేను ఆ తాళం సంగతి ఎత్తి, అంత గురక పెట్టి ఎలా పడుకోగలిగారో అన్నాను. అతను నా వైపు చూడకుండా చెప్పాడు.

"పండుకోలేదు భాయ్. నేను పోయేసరికి కటకటాలు పట్టుకుని కూసున్నడు. షుగర్ గోలీ ఏస్కున్నడు, ఇంటికి పోయి తిందమనుకున్నడు. చేతులు ఒణుకుతున్నయ్, ఒళ్లంత చెమట. తినేటందుకు లోపల ఏం లేదు. సందులకెంచి చక్కెర ఎక్కువేసిన చాయ్ తాపిన, బిస్కిట్లు ఇచ్చిన. కట్టర్ తెస్త, తాళం కోస్త అన్న. ఒద్దన్నడు. స్వామి పండుకున్నడు, చప్పుడు చెయ్యకన్నడు."

"నాకు ఫోన్‌ల..."

"ఆయనే గట్ల చెప్పుమన్నడు. గురక కూడా ఆయన చెప్పిందే. లేకుంటే పోరడు పరీక్ష ఇడిచి ఉరికొస్తడు అన్నడు. నువ్వొచ్చెదాక నేను ఆడ్నే కూసున్న."

"ఇన్నేళ్లు చెప్పలేదేంది భాయ్?"

"పాస్ అయినవ్ గదా. ఇగ చెప్పుడెందుకు?"

ప్రసాదం గిన్నె ఖాళీ చేసింది నేనే. లోపల ప్రసాదం ఉందని ఫోన్లో వింటూ ఆ సంగతి ఎలా మరిచిపోయానని ఆ తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. నాకు నిద్ర చాలక అని ఒక జవాబు ఉంది. నమ్మడం నాకు సుఖంగా ఉందన్నది ఇంకొకటి. నేను బల్ల మీద తల వాల్చిన ఆ ఇరవై నిమిషాలూ నా వంతుకు ఆయన మేలుకుని ఉన్నారు.

ఇప్పుడు ఆఫీసులో నా కింద ఎనిమిది మంది పిల్లలు పనిచేస్తున్నారు. అందరూ తెలివైనవాళ్లే, అంటే అందరి దగ్గరా ఒక టైంటేబుల్ ఉంటుంది. ఎవరైనా ఎర్రటి కళ్లతో వచ్చి, చదివిందే చదువుతూ కూర్చుంటే ఇంటికి పంపేస్తాను. ఆ రోజుకు వాళ్ల పని నేను చేస్తాను. మర్నాడు వచ్చి, "సారీ సార్, నిన్న మీకు కష్టమైందా?" అని అడుగుతారు.

లేదనే చెబుతాను. పనేమీ రాలేదని, నేను కూడా మధ్యాహ్నం హాయిగా పడుకున్నానని.